స్టెప్నీ

నాలుగేళ్లుగా డిప్యూటీ గవర్నరుగారి కారు తోలుతున్నాను.
ముందు కారు హారన్ వింటే జనం లేచి నిలబడతారు.
మా కారు వచ్చేసరికి
మళ్లీ కూర్చుంటూ ఉంటారు.

మకుర్డీ బజార్లో ఆవిణ్ణి స్టెప్నీ అంటారు.
నా ఎదుటే అంటారు.
నేనూ నవ్వుతాను,
చిల్లర కోసం ఆగినవాడిలా.

ఇంతకీ ఆవిడ పనేమిటని అడిగింది మా డూసే.
ఏం చెప్పను?
గవర్నరు వెళ్లని చావులకు వెళ్లడం.
ఆయన రిబ్బను కోశాక
కత్తెర అందుకుని పళ్లెంలో పెట్టడం.
నీళ్లు పడని బోరు దగ్గర, ఫొటోలో ఓ అంచున నిలబడటం.
పేపరువాళ్లు ముందుగా కోసేది ఆ అంచునే.

ఈ జనవరిలో, హర్మటాన్ దుమ్ములో,
గవర్నరు వైద్యానికని లండన్ వెళ్లాడు.
పెత్తనం అప్పగించే కాగితం ఒకటుంటుందట,
అడుగున ఒక్క సంతకం.
మేడమ్ న్గుహేర్ రెండు రోజులు
ఆఫీసు తలుపు తెరిచే ఉంచారు.
దుమ్ము వచ్చింది,
బల్లమీద వేలితో పేరు రాసుకోగలిగేంత.
కాగితం రాలేదు.

మూడో రోజు గ్బోకో దారిలో టైరు పేలింది.
పదకొండు నెలల జీతం బాకీ ఉండగానే పోయిన
హెడ్మాస్టరు ఇయోర్చియాను పూడ్చే రోజు అది.
ఆ జీతాల ఫైలు
వెనక సీట్లో ఆవిడ పక్కనే ఉంది.
ఎన్నిసార్లు చదివారో, చివర్లు మెత్తబడ్డాయి.

డిక్కీ తెరిచి స్టెప్నీ బయటికి లాగాను.
బొటనవేలితో నొక్కితే లోపలికి దిగిపోయింది.
నాలుగేళ్లు!
ఒక్కసారైనా గాలి చూశానా నేను?

ఆవిడ దిగి వచ్చారు. ఎర్రమట్టిలో మడమల దాకా చెప్పులు.
టైరు వంక చూశారు, నా వంక చూశారు.
తిడతారనుకున్నాను.
"దాని తప్పేముంది, అవెర్" అన్నారు.

పెండలం గుట్టల వెనకనుంచి ఒక ముసలమ్మ
పీట తెచ్చి వేసింది, ఎవరని అడగలేదు.
ఆవిడ కూర్చోలేదు.
అటుగా పోతున్న అద్దె మోటారుసైకిలు ఆపి,
కుర్రాడితో బేరమాడి,
యాభై నైరాలు తగ్గించి మరీ,
ఫైలు చంకలో పెట్టుకుని వెనక ఎక్కారు.
తలగుడ్డ ఒక కొస విడిపోయి గాలికి కొట్టుకుంటోంది.

దారి మలుపు దాకా చూస్తూ నిలబడ్డాను.
ఆవిడ ముందు
ఇవాళ ఏ కారూ లేదు.

తర్వాత స్టెప్నీని దొర్లించుకుంటూ
రెండు మైళ్లు నడిచాను.
గాలి ఎంత పట్టమంటావన్నాడు పంక్చరు షాపువాడు.
నాకేం తెలుసు ఆ లెక్క.
పట్టినంత, అన్నాను.