జెనోన్ సీసా

జులై రెండో వారం.
పక్షులకు ముందే తెలిసిన కబురు
నాకు చేరేసరికి పైకొమ్మలు సగం ఖాళీ.
మిగిలినవి పదకొండు కిలోలు, పుల్లచెర్రీలు.
అమ్మ తలపిన్నుతో గింజలు తీస్తాను.
ఆ పిన్ను ఏ కొప్పులోకీ వెళ్ళి నలభై ఏళ్ళయింది.
అన్నీ తియ్యకూడదు, మూడోవంతు వదిలెయ్యాలి.
ఆ కాస్త చేదు లేకపోతే
తీపి నోట్లో నిలవదు.

మోచేతుల దాకా ఎరుపు.
పోస్ట్‌మాన్ గేటు దగ్గర సైకిలాపి
"ఎవర్ని చంపావు బొగుమీవా?" అన్నాడు.
"ఇంకా లేదు, డిసెంబర్ దాకా ఆగు" అన్నాను.

గాజు జాడీలో పండ్లు, స్పిరిట్,
కాచి చల్లార్చిన నీళ్ళు.
కిటికీ గూట్లో పెట్టి
రోజూ ప్రార్థనకన్నా ముందు ఒకసారి కుదుపుతాను.
ఆరు వారాలకు చెర్రీలు వెలవెలబోతాయి.
వాటి మీద చక్కెర పోస్తే
ఇంకా దాచుకున్నదేదో అది కూడా కక్కేస్తాయి.
తర్వాత దూదిలోంచి వడపోత.
చుక్క.
ఇంకో చుక్క.
తొందర మనిషి చేసే పని కాదు నలెఫ్కా.
నేను తొందర మనిషినే. అందుకే
నన్ను నేనే వంటింట్లోంచి తరిమేసి
కంచె పక్కన కలుపు పీకుతుంటాను.

దగ్గుమందు సీసాలు, వెనిగర్ సీసాలు,
వేడినీళ్ళలో నానబెట్టి పాత పేర్లు ఊడదీసినవి.
పళ్ళ డాక్టరుకు ఒకటి, నొప్పి పెట్టినా సరే.
నా గుమ్మం ముందు మంచు ఎత్తిపోసే కుర్రాడికి పెద్దది,
కొత్తగా పెళ్ళయింది వాడికి.
నాతో మాటలు మానేసిన గెనోవేఫాకు బుల్లిది.
అలక తగ్గితే వచ్చే ఏడు సైజు పెంచుతాను.

ఏటా మొదటి చీటీ మాత్రం జెనోన్‌ది.
నా తమ్ముడు. సీసా అందగానే
దీపానికి అడ్డంపెట్టి చూసి
"మన రక్తమే అక్కా" అనేవాడు.

ఈ మార్చిలో వాడు తాగడం మానేశాడు.
ఆ మాట చెట్టు కింద నిలబడి చెప్పాడు,
నాకు కాదు, ఆకుల్లేని కొమ్మకు చెబుతున్నట్టు.
మంగళవారాలు చర్చి వెనక గదికి వెళ్తున్నాడట.
ఆ రాత్రి వేళ్ళ మీద లెక్కపెట్టాను.
ఇరవై రెండు డిసెంబర్లు.
ఇరవై రెండు సీసాలు.
నా దస్తూరీతో వాడి పేరు, నా చేత్తో రిబ్బను ముడి.
దాన్ని కానుక అన్నాను.
"నీ తప్పేం లేదక్కా" అన్నాడు వాడు.
మరీ త్వరగా అన్నాడు.

అందుకే ఈసారి రెండు కిలోలు విడిగా తీశాను.
అవే చెర్రీలు, అదే పిన్ను.
లవంగం వేసి కాచి, గుడ్డలో పిండి, ఫ్రీజర్‌లో దాచి
పండగ ముందురోజు పొద్దున
వాడి పాత సీసాలోనే నింపాను.
చీటీ మీద: చెర్రీ. ఈ జులైది. ఉత్తది.
ఉత్తది అన్నమాట దగ్గర పెన్ను చాలాసేపు ఆగింది.

హైనూఫ్కాలో నాలుగింటికే చీకటి.
పల్చని రొట్టె విరిచి పంచుకున్నాక
సీసా చేతికిచ్చాను.
అలవాటుగా దీపం వైపు ఎత్తాడు,
రక్తం అనలేదు.
చీటీ చదివాడు. మూత తీసి వాసన చూశాడు.
నన్ను నమ్మడానికి ముక్కు సాయం కావలసి వచ్చింది,
అది నాకు గుచ్చుకుంది, గుచ్చుకోవాలి కూడా.

"ఎన్నాళ్ళు దాచాలి దీన్ని?"
"దాచకు. పాడైపోతుంది. ఇప్పుడే."

రెండు చిన్న గ్లాసులు. ఒక్క గుక్క.
ఎనిమిదేళ్ళప్పుడు చెట్టెక్కి
పచ్చికాయ కొరికిన మొహం పెట్టాడు.
చక్కెర వెయ్యడం మరిచిపోయానని అప్పుడు తెలిసింది.
ఇద్దరం నవ్వాం, వాడు ముందు.

రెండో గ్లాసు వాడే పోసుకోబోయాడు.
సీసా పక్కకు జరపడానికి
నా చెయ్యి దానంతటదే బల్ల మీద ముందుకెళ్ళింది.
అంటే
ఇన్నేళ్ళూ ఈ చేతికి తెలుసన్నమాట.

వాడు చూశాడు.
నా గ్లాసు దగ్గరికి లాక్కుని
ముందు నాకు పోశాడు.