అందించేవాడు

బ్రేమెన్‌లో, వేసర్ నది పక్కన,
ఒకప్పటి కాఫీ గోదాములో
నూటనలభై కుర్చీల నాటకశాల మాది.
వానపడితే ఇప్పటికీ గోడలు కాఫీ వాసనేస్తాయి.
వేదిక ముందు నేలలో ఒక గొయ్యి.
అందులో నేను, చిన్న దీపం, పెన్సిలు,
గొంతు గరగరలాడకుండా పుదీనా బిళ్లలు.
ముప్పై ఏడేళ్లుగా నటుల మొహాలకన్నా
బూట్లే ఎక్కువ చూశాను.
మాట మరిచిన నోటికి మాట అందించడం నా ఉద్యోగం.

ఈ చలికాలం ఆడుతున్నది మావాళ్ల నాటకమే.
మగవాళ్లని ప్రేమించిన మగవాళ్లు,
మూడు తరాలు, మూడు అంకాలు.
రాసిన కుర్రాడికి ఇరవై తొమ్మిది.
మొదటి అంకంలో అద్దెగది, దించిన పరదాలు,
పేర్లు రాసుకునే పోలీసు నోటుబుక్కు.
రెండో అంకంలో ఇనప మంచం.
మూడో అంకంలో పెళ్లయిన ఇద్దరు
వంటింటి గోడకి ఆకుపచ్చా, పసుపా అని
ఇరవై నిమిషాలు పోట్లాడుకుంటారు.
సాగదీత, అని పత్రికలో ఒకాయన రాశాడు.
నాకైతే నాటకమంతా అదే.
గోడ రంగు కోసం
పక్కింటికి వినపడేలా అరుచుకోవడం!
ఒట్టోకార్ ఉంటే లేచి నిలబడేవాడు.

ఒట్టోకార్ నాకు ముందు ఈ గోతిలో కూర్చున్నవాడు.
నూట డెబ్బై అయిదో సెక్షన్ కింద
పదకొండు నెలలు జైల్లో ఉన్నాడని
ఆయన పోయాక కాగితాల్లో చూశాను.
బతికుండగా నాకు నేర్పింది గుసగుస ఒక్కటే.
"పెదాలతో కాదు, పళ్ల వెనకనించి.
ఈ మూలనించి ఆ మంచం దాకా చేరాలి,
గోడవతల ఇల్లుగలావిడకి చేరకూడదు."
ఇది నాటకవిద్య అనుకున్నాను
చాలా ఏళ్లు.

పోయిన గురువారం, రెండో అంకం.
మంచం మీద లెవిన్, పక్కన స్టూలు మీద హెన్నింగ్.
లెవిన్ మాట మరిచాడు.
ఊరికే ఆగడం కాదు అది, నాకు తెలుసు,
కాలివేళ్లు ముడుచుకున్నాయి.
పుస్తకంలో ఉన్నది మంచి వాక్యమే,
సముద్రం గురించి, క్షమ గురించి.
పెన్సిలు దాని కిందే ఉంది.
నా నోట్లోంచి మాత్రం ఇంకోటి వచ్చింది.

"నా బూట్లకి కొత్త అడుగులు వేయించు.
మార్చిలో కావాలి."

ఎనభై ఏడు, జనవరి, ఆరో వార్డు.
ఫోల్క్‌మార్ అన్నది అదే.
మా సెట్లకి మేకులు కొట్టేవాడు,
మేకులు పెదాల మధ్య పెట్టుకునే మాట్లాడేవాడు,
అప్పటికి మేకంత సన్నబడ్డాడు.

లెవిన్ ఆ మాట అందుకున్నాడు, అలాగే అన్నాడు,
మార్చి దగ్గర మింగుడు పడనట్టు ఆగి.
హెన్నింగ్‌కి ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు.
వంగి మంచం కిందనించి బూట్లు తీశాడు,
తిరగేసి చూశాడు,
చొక్కా చేతితో తుడిచాడు.
ఆ అడుగులు సరిగ్గా నా కళ్లెదురుగా ఉన్నాయి.
హాల్లో ఎవరో దగ్గబోయి మానుకున్నారు.

తర్వాత కుర్రాడు అడిగాడు, ఆ మాట ఎక్కడిదని.
నోరు జారింది, మన్నించండి, అన్నాను.
కాసేపు చూశాడు. నా పెన్సిలు అడిగి తీసుకుని
సముద్రాన్నీ క్షమనీ కొట్టేశాడు.

ఇప్పుడు లెవిన్‌కి ఆ మాట కంఠతా వచ్చు.
అయినా రోజూ అక్కడికొచ్చి ఆగుతాడు,
నేను అందించేదాకా అనడు.
ఒకసారి కావాలని ఊరుకున్నాను. వాడూ ఊరుకున్నాడు.
నూటనలభై మంది ఊపిరి బిగపట్టారు.
ఓడిపోయింది నేనే.

నిన్న రాత్రి మేకప్ తుడుచుకుంటూ,
అద్దంలోనించే, మెల్లిగా, పళ్ల వెనకనించి అడిగాడు:
"వేయించారా?"

"తొమ్మిది మార్కులు తీసుకున్నాడు," అన్నాను.
"తోలు మంచిది."

ఏదో ధర వాకబు చేసినవాడిలా తలూపి
ఒంటికాలి మీద నిలబడి
తన బూటు తిరగేసి చూసుకున్నాడు.