రాక సమయం

బంగారుపాళెం స్టేషన్లో
జనరల్ డైరీ తీసి చూపించినాడు రైటర్ జయచంద్ర.
మా నాయన చేతిరాత, కుడికి వాలిన అక్షరాలు:
"రాత్రి 11.40. మొగిలి ఘాట్. టమోటా లారీ బోల్తా. పోతా ఉండాను."
పక్కన రాక సమయం గడి
ఖాళీ.

"మేం ఎవురమూ నింపలేదు పాపా" అన్నాడు.

ప్రతి అక్టోబరు ఇరవై ఒకటిన
చిత్తూరు పరేడ్ గ్రౌండులో తుపాకులు తల దించినాక
వాళ్లంతా మా ఇంటికొస్తారు.
ఒక్కొక్కరూ ఒక్కో మొగిలప్పని తెస్తారు.
చలానా రాసి, ముసలాయన మొహం చూసి తానే డబ్బు కట్టినోడు,
బందోబస్తులో నిలబడే నిద్రపోయినోడు,
నూటయాభై బాకీ ఎగ్గొట్టినోడు.
ఆ మాటకి అమ్మ నవ్వుతుంది,
ఏడాదికి ఒకసారి.

కుమరేశన్ మాత్రం గడప దాటడు.
ఆ రాత్రి డ్యూటీ అతనిది.
బిడ్డకి జొరమంటే ఇంటికి పంపేసి
హెడ్డే పోయినాడు.
రోడ్డంతా దొర్లిన టమోటాల నడుమ
టార్చి ఊపుతా నిలబడినాడు.
వెనకొచ్చిన లారీకి
ఆ వెలుతురు కనపడలేదో,
కనపడిందో.

ఈసారి అమ్మ
సంగటి ముద్ద, చెనిక్కాయల ఊరిబిండి తట్టలో పెట్టుకోని
తానే బయటికి పోయింది.
"బిడ్డ ఏం చదవతా ఉంది?"
"ఆరో తరగతి మా."
"తిను. చల్లారిపోతాది."

అతను తిన్నంతసేపూ
చెప్పుల పక్కనే నిలబడింది.

టార్చి మా అలమరలో ఉంది.
అద్దానికి బీట. సెల్లు మారిస్తే వెలుగుతుంది.
కరెంటు పోయినప్పుడు
ఎవరమూ దాన్ని తియ్యం,
చీకట్లో తడుముకుంటా
కొవ్వొత్తి వెతుకుతాం.