బన్నుల పానకాలు

బన్ను గురించి ఎవరూ మాట్లాడరు.
నాకు తెలుసు, వారానికి ఆరు రోజులు వాటిని మోసేది నేనే.
గ్రీన్ బే ఊళ్ళో తెల్లవారుజామున మూడింటికి
బేకరీ వ్యాను తలుపు తీస్తే ఎదురొచ్చే ఆ వేడివాసన
నా చొక్కాని ఆదివారం దాకా వదలదు.

ఏడో రోజున కూడా నాలుగు డజన్లు చంకన పెట్టుకుని
లొరేన్ క్రూగర్ ఇంటికి పోతాను.
స్టేడియానికి మూడు వీధుల ఇవతల ఇల్లు.
ముంగిట గడ్డి మీద సున్నపు గీతలు గీసి
మ్యాచి ఉన్న రోజున కారుకి ముప్ఫై డాలర్లు వసూలు చేస్తుంది,
ఎనభై ఒకటో ఏట, మడతకుర్చీలో,
ఒళ్ళో బిస్కెట్ల డబ్బాతో.
నా దగ్గర తీసుకోదు.
యాభై ఏళ్ళుగా ఆ స్టేడియం గోడ చూస్తోంది, లోపలికి మాత్రం పోలేదు.
"కేకలు ఇక్కడికే వస్తున్నాయిగా" అంటుంది.

అక్టోబరు. మేపుల్ చెట్టు
మొండిబాకీ తీరుస్తున్నట్టు
ఒక్కో ఆకునే లెక్కపెట్టి రాలుస్తోంది.
అల్లుడు డెన్నిస్ పెద్ద గిన్నెలో బీరు పోసి
చక్రాల్లా తరిగిన ఉల్లి, ఇంత వెన్న వేసి
సాసేజీలని మునకేయించాడు.
తెర్లనివ్వడు. "తెర్లితే పగులుద్ది" అంటాడు
కోపిష్ఠి వియ్యంకుడి గురించి చెప్పినట్టు.
ఆ తర్వాత బొగ్గుల మీదికి.
చిటపట, చిటపట...
పోపులో ఆవాలు మాట్లాడే భాషే,
యాస వేరు.

"నీ పేరుకి అర్థమేంటి?" అన్నాడు.
పానకాలు. బెల్లం, మిరియాలు, నీళ్ళు, చెప్పాను.
"అయితే తాగేదే!" అని చల్లటి సీసా చేతిలో పెట్టాడు.
మొదటి గుక్క చేదు.
రెండో గుక్కకి చేదన్న సంగతి గుర్తులేదు.
రెండో సీసా వద్దన్నాను, మూడింటికి వ్యాను.

ట్రక్కు వెనక తలుపు దించితే అదే అరుగు.
అరుగు మీద ముతక ఆవపిండి,
నల్లబడేదాకా వేగిన ఉల్లిపాయలు,
సెప్టెంబరులో లొరేన్ ఉప్పేసి, రాయెత్తి
నేలమాళిగలో పులియబెట్టిన క్యాబేజీ.
జాడీల గురించి ఆవిడకి నేను చెప్పేదేమీ లేదు.

నా వంతుగా కొరివికారం తెచ్చాను.
చూసి వేసుకోండమ్మా అన్నాను, జాగ్రత్తమ్మా అన్నాను.
చెంచాడు పరిచింది. కొరికింది.
కనురెప్ప కదల్లేదు.
"ఉప్పు కాస్త ఎక్కువైంది."
అని, కోటు జేబులోంచి చిన్న సీసా తీసి
నా సాసేజీ మీద తెల్లటి తురుము రాల్చింది.
ముల్లంగికి మేనమామ వరసయ్యే దుంపట.
అది నాలుకతో పనే పెట్టుకోలేదు.
సరాసరి ముక్కులోంచి నడినెత్తికెక్కి
అక్కడ నిలబడి ఊరంతా చూసింది.
గుంటూరు జిల్లా వాణ్ణి, బొటబొటా ఏడ్చాను.

లొరేన్ నవ్వింది. కుర్చీ ఊగేలా నవ్వింది.
ఒళ్ళోంచి డబ్బా జారింది, మూత ఊడింది,
అప్పుడే గాలీ వచ్చింది.

నోట్లూ ఆకులూ కలిసి లేచాయి.
డెన్నిస్ పట్టకారుతో పరిగెత్తాడు.
ముప్ఫై ఇచ్చి కారు పెట్టినవాళ్ళే
పొదల్లో వంగి ఆవిడ డబ్బు ఏరుతున్నారు.
కళ్ళనిండా నీళ్ళతో నేను పట్టినవి మూడు,
మూడూ ఆకులే.
సరిగ్గా ఆ క్షణాన గోడ అవతల డెబ్భై వేల గొంతులు లేచాయి.
ఎవరు గెలుస్తున్నారో మాలో ఒక్కరూ అడగలేదు.

లెక్క చూస్తే పది తక్కువ.
పోనీ అంది లొరేన్. పొయ్యి కిందా, కార్ల కిందా
చీకటి పడేదాకా వెతికాం.

చివరికి చల్లారిన నా సాసేజీ చేతికి తీసుకుంటే
ఆవపిండి పూసుకుని, బన్ను అడుగున,
బుద్ధిగా అతుక్కుని ఉంది పది డాలర్ల నోటు.

లొరేన్ దాన్ని నాకి తుడిచి డబ్బాలో వేసింది.
"మంచి బన్ను" అంది.