తొడిమలు తీసే చేయి

తలకి నూనె రాయకుండా రమ్మంటాం.
మస్తానమ్మ కుంకుడుకాయ రుద్దుకుని మరీ వచ్చింది,
అయినా జుట్టులోంచి మిరప కోరు పోలేదు.
ఇరవయ్యొక్క తీగలు అంటించేసరికి
నాకు పదకొండు తుమ్ములు.

కొత్తపేట. రెండో అంతస్తు. ఏసీ గది.
కింద అంబులెన్సుకీ ఆటోకీ దారి తగాదా.
నా పని తలల్లో కరెంటు చూడటం.

పోయినేడు ఇదే మంచం మీద
కళ్లు మూసుకోమంటే రెప్పలు కొట్టుకుంటూనే ఉన్నాయి.
పళ్లు బిగిస్తే పుట్టే పిచ్చిగీతలు
తెర నిండా, చెదిరిన చీమల బారులా.
కోల్డ్ స్టోరేజీలో మంటలు లేచిన రాత్రి నుంచి
నిద్ర లేదని చీటీలో రాసుంది.
"బాదం గింజంత ముద్దమ్మా, భయం కాపురముండేది అక్కడే.
రోజూ ఇరవై నిమిషాలు ఊపిరిని చూస్తూ కూర్చో"
అన్నారు డాక్టరుగారు, మాత్ర సగానికి విరిచి.
"మిర్చి యార్డులోనా సార్?
అక్కడ ఊపిరే మా సంగతి చూసుద్ది" అని నవ్వింది.

ఇవాళ రెప్ప వాల్చిన కాసేపటికే
అలలు సర్దుకున్నాయి. సెకనుకి తొమ్మిది, పది.
కారిడార్లో ట్రాలీ పడింది, ధనాల్న.
గీత ఎగిరింది, అందరికీ ఎగిరినట్టే.
ఎగిరి,
దిగొచ్చి కూర్చుంది.

జిగురు తుడుస్తూ అడిగాను, ఏం చేస్తావు లోపల?
"ఏముందమ్మా, యార్డులో చేసేదే.
తలంపు వస్తది. తొడిమ తుంచి పక్కనేస్తా.
నలపను. ఆ చేత్తో కన్ను ముట్టను.
ఇంకోటి వస్తది. టిక్కీలకి టిక్కీలు,
తరిగేయా ఏంటి!"

"ఒక్క తలతో ఏదీ తేలదు" అన్నారు డాక్టరుగారు.
"మెదడు మారిందని రాయకు,
గీత మారిందని రాయి."
అలాగే రాశాను.

భోజనాల వేళ తలుపేసి
నాలుగు తీగలు నాకే అంటించుకున్నాను.
ఊరకున్నంత ఉత్తమం లేదంటారు కదా, చూద్దామని.
ఊపిరి ఒకటి. ఊపిరి రెండు.
మూడో దానికి చీటీపాట వాయిదా,
శంకర్ విలాస్ దగ్గర నిన్న హారన్ కొట్టినవాడి మొహం,
వాడికి నేను ఇవ్వాల్సి ఉండి ఇవ్వని జవాబు,
దానికి వాడి జవాబు.
విసుగొచ్చి కన్ను నులుముకున్నాను.

ఆమె జుట్టు పాయలు తీసిన వేళ్లు.

కుళాయి కింద మొహం పెట్టి చాలాసేపున్నాను.
తిరిగొచ్చి, రికార్డు వెనక్కి జరిపి చూస్తే
మంట మొదలవడానికి చాలా ముందే
గీతలు మండుతున్నాయి.