పిండికి తెలిసిన ఎత్తు

వ్యాసర్పాడిలో రాత్రి పదింటికి రుబ్బి పెడితే
తెల్లారి నాలుగింటికల్లా మూత నెట్టుకుని
గిన్నె దాటి, గట్టు దాటి
నేల మీద పాకుతూ కనిపించేది పిండి.
పదకొండేళ్లు దాని వెనక పరిగెత్తాను.
తుడిచాను, తిట్టాను,
ముప్పై రెండు ఇళ్లకు పాకెట్లు కట్టాను.

మా ఆయన లేతు మిషను పీణ్యాకు మారింది.
ఇక్కడ దాసరహళ్లిలో
అదే గ్రైండరు, అదే నాలుగుకొకటి కొలత,
అదే కల్లుప్పు, అదే చెయ్యి.
ఆరింటికి మూత తీస్తే
రాత్రి ఎలా పడుకోబెట్టానో అలాగే ఉంది.
వేలు పెట్టి చూశాను.
నిద్ర.

మొదటి వారం ఏడుగురు పాకెట్లు వెనక్కిచ్చారు.
"మీ అట్టు అట్టలా ఉందండీ" అంది
మూడో అంతస్తు ఆవిడ, నవ్వుతూనే.
మినప్పప్పు పాతదనుకున్నాను.
బోరు నీళ్లకు నా మీద ఇంకా
నమ్మకం కుదరలేదనుకున్నాను.
దిష్టి తీయమంది మా అత్త, ఫోన్లో.

బియ్యం బస్తా దించుతూ మునిరత్నం అన్నాడు:
"ఆంబూరు దాటాక బండి మూలగడం వినలేదా అక్కా?
కృష్ణగిరి కాడ చెవులు మూసుకుపోయాయని
నువ్వే కదా అన్నావు.
నీ ఒళ్లో చిప్స్ పాకెట్టు
హోసూరొచ్చేసరికి దిండులా ఉబ్బింది.
మూడు వేల అడుగులు ఎక్కించాను
నిన్నూ నీ గ్రైండర్నీ.
నీకు తెలీలేదు గానీ, పిండికి తెలిసింది."

సముద్రం నా వ్యాపారంలో వాటాదారని
అక్కడున్నన్నాళ్లూ నాకు తట్టలేదు.
మే నెల మధ్యాహ్నం, కాలిన తారు మీదుగా
తూర్పు నుంచి వచ్చేది గాలి.
ఆరేసిన లుంగీలన్నీ ఒక్కసారిగా
పడమటికి తలలు తిప్పేవి.
ఎండగాలి దాన్ని ఒడ్డునే ఆపేసిన రోజు
సాయంత్రానికి పిండి పులిసి చచ్చేది.
వచ్చిన రోజున, చల్లదనం వెనకే
చెమ్మ కూడా గదిలోకొచ్చి కూర్చునేది.
పగటి వేడిలో కొంత పట్టుకెళ్లి
రాత్రికి వడ్డీతో తిరిగిచ్చే సముద్రం.

ఇక్కడ రాత్రి కోసం ఎవరూ ఏమీ దాచరు.
పొద్దుగూకితే రాయి తన వేడిని
ఆకాశానికి అప్పజెప్పి చేతులు దులుపుకుంటుంది.
మూత లేని గిన్నెలో కందిపప్పు
ఉడికావా అంటే, ఇంకా, అంటుంది.

ఇంటి ఓనరు గిరిజమ్మది సకలేశపుర.
జూన్ మబ్బును చూసి పెదవి విరుస్తుంది:
ఇదీ ఒక వానేనా?
అరేబియా నుంచి నిండు కడవలతో బయల్దేరిన గాలి
కనుమలెక్కుతూ వాళ్లూళ్లోనే
ముప్పాతిక ఒలకబోసుకుంటుందట.
మాదాకా వచ్చేది తడి కొంగు.
చినుకు, ఎండ, మళ్లీ చినుకు.
బట్ట ఆరదు, నేల తడవదు.
ఇంకా దిగి మద్రాసు చేరేసరికి
ఆ గాలికే గొంతెండిపోతుంది కాబోలు.
మా వాన కార్తీకంలో కదా,
ఇటు సముద్రం మీంచి, తిరుగుగాలితో.
ఒక ఏడు గ్రైండరు మునిగేదాకా వచ్చింది.
మోటారు గొంతులో ఆ జలుబు ఇప్పటికీ ఉంది.

ఇప్పుడు సాయంత్రం ఐదింటికే రుబ్బుతాను.
ఉప్పు సగం అప్పుడు, సగం తెల్లారాక.
గిన్నెకు గిరిజమ్మ కంబళి చుట్టి
ఫ్రిజ్ వెనక, సెగ ఊదే మూలన పెడతాను.
ముందు చలి, వెనక వేడి.
అదీ ఒక చిన్న కొండే.

ఇవాళ ఏడింటికి మూత కొంచెం లేచి ఉంది.
అక్కడ నా ఇళ్లు తీసుకున్న వేదవల్లికి ఫోన్ చేశాను.
"పొంగిందా?"
"వేలెడు."
ఆమె ఏమీ అనలేదు.
అటువైపు నుంచి
తడిగుడ్డతో నేల తుడుస్తున్న చప్పుడు
చాలాసేపు వినిపించింది.