ఒక బియ్యం మూటంత పొగ

చిత్తూరు నించి తిరుపతికి డెబ్బై కిలోమీటర్లు.
పోనూ రానూ నూట నలభై.
ఆరేళ్లు ఆ దారిని
పొద్దున పరిచి, రాత్రి చుట్టిపెట్టినాను
చాప మాదిరి.

నలుగురు కూర్చునే చోట
నా హ్యాండుబ్యాగు, పెరుగన్నం డబ్బా, గొడుగు.
వాటినంత భద్రంగా ఊళ్లు దాటించి
ఒక కుర్చీలో కూర్చుని
ఏ దేశంలోనో ఎవరో చూపించుకున్న మోకాలి నొప్పికి
ఒక అంకె వేసేదాన్ని.
అదీ నా పని.
నేను తిరుపతిలో కూర్చున్నానా
గ్రీమ్స్‌పేటలో కూర్చున్నానా
ఆ మోకాలికి తెలీదు.

మా రెడ్డెమ్మ కొడుకు మునిచరణ్, ఇంటరు పిల్లోడు,
ఒకరోజు నోటుబుక్కు వెనక లెక్క వేసినాడు.
"పిన్నీ, నీ తొమ్మిది లీటర్లు కాలితే
ఇరవై కిలోల పైమాటే పొగ."
తొమ్మిది పోస్తే ఇరవై ఎట్లవుతుందిరా?
"కాలేటప్పుడు గాలిలోంచి కొంత బరువు తెచ్చుకుంటుంది" అన్నాడు,
అప్పు తెచ్చుకున్నంత సులభంగా.

అంటే రోజుకొక బియ్యం మూట.
పాకాల దగ్గర కొంత, పనపాకం కాడ కొంత,
చంద్రగిరి కోట కింద లారీ వెనక ఇరుక్కుని ఇంకొంత
ఒలకబోసుకుంటా పోయినాను.
బియ్యమన్నా అయితే
కాకులు ఏరుకుని తినుండేవి.

ఇప్పుడు ఇంట్లోనే పని.
కారు మీద పాత దుప్పటి కప్పినాము.
ముందు చక్రం పక్కన పిల్లి
మూడు కూనలు పెట్టింది.
తొమ్మిదిన్నరకు లాగిన్ అయి కిటికీ తెరిస్తే
గుజ్జు ఫ్యాక్టరీకి పోయే తోతాపురి ట్రాక్టర్లు
రోడ్డు పొడుగునా నిలబడి ఉంటాయి, పులుపు వాసనతో.
వాటిని ఏమీ అనలేను.
మామిడికాయ ఇంట్లోంచి లాగిన్ కాలేదు గదా.

పొంగిపోయేదేం లేదు.
పొద్దంతా ఫ్యాను, ఎండాకాలం ఏసీ.
కరెంటు ఊరికే వస్తుందా,
యాడనో బొగ్గు మండాల్సిందే.
పైగా కొత్తిమీరకని ఒకసారి,
ఊరికే గాలికని ఒకసారి స్కూటరు తీస్తాను.
అవన్నీ కొట్టేసినాడు పిల్లోడు, కోమటి మాదిరి కాదు,
పరీక్ష పేపరు దిద్దినట్టు.
కొట్టేసినా
ఒలకని మూటలో ముప్పాతిక మిగిలింది.

నెలకొక్కసారి మీటింగు. బస్సులో పోతాను.
ఒక ఇంజను పొగను యాభైమంది పంచుకుంటే
నా వాటా రెండు దోసిళ్లు.
మొన్న పూతలపట్టు క్రాసులో బస్సు ఆగినప్పుడు
టీ అంగడి దొరసామి కిటికీ కిందికి వచ్చినాడు,
చేతిలో గ్లాసు తుడుస్తానే.
"ఏమ్మా, కారు అమ్మేసినావా?"

లేదన్నా, ఇంట్లో నించే పని.
పొగ తగ్గుతుందంట, అన్నాను,
అదేదో నేను కనిపెట్టినట్టు.

"అట్లనా" అన్నాడు.
"నాకు పొద్దున పూట నలభై టీలు తగ్గినాయి.
మీ మాదిరి కార్లోళ్లే అందరూ."
కోపం లేదు. తూకం చెప్పినట్టు చెప్పినాడు.

కండక్టరు విజిలేసినాడు.
మునిచరణ్ నోటుబుక్కులో
ఈ నలభైకి ఏ గడీ గీయలేదు.

వచ్చే నెల దిగి ఒక టీ తాగాల.
మిగతా ముప్పై తొమ్మిది
ఎవరు తాగుతారో.